ఎడమ పక్క నుంచి వస్తే పిలిచి రండి

మా పెద్దనాయన పోయాడు. పోయిన మంగళవారం పొద్దున చాయ్ అడిగి, అది వచ్చేలోపే పోయాడు. కామాఠిపురలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపిన మనిషి. కబురు తెలిశాక కడుపునిండా ఏడ్చాను. ఏడుపు అయింది కాబట్టి ఇప్పుడు ఆయన గెలిచిన సంగతి చెప్తాను.

ఆ తెల్ల గుర్రాన్ని ఆయన ఒక ప్రకటన చూసి కొన్నాడు. ‘పిల్లిలా నెమ్మది, ఏ లోపమూ లేదు’ అని రాశాడు అమ్మినవాడు. చూడ్డానికి వెళ్తే దాని ఎడమ వైపును గోడకు ఆనించి నిలబెట్టి చూపించాడు. మొదటి ఊరేగింపులోనే, ఫోరస్ రోడ్ మలుపులో, ఎడమ పక్క ఎవరో గొడుగు తెరిచారు. గుర్రం ఉలిక్కిపడింది, పెళ్లికొడుకు కిందపడ్డాడు. పాపం, మణికట్టు విరిగి, కట్టుతోనే పీటల మీద కూర్చున్నాడు. మూడు ముళ్లూ వాళ్ల అక్కే వేసింది. గుర్రానికి ఎడమ కన్ను కనపడదని మాకు ఆరోజే తెలిసింది.

“నిన్ను ముంచినట్టే ఇంకొకన్ని ముంచి వదిలించుకో” అన్నారు మా చాలీలో పక్కపక్క గదులవాళ్లందరూ. ఆయన వినలేదు. ఎడమ పక్కకు వెళ్లే ముందు “వస్తున్న తల్లీ” అని పిలవడం మొదలుపెట్టాడు. మా అందరితోనూ అలాగే పిలిపించాడు. బ్యాండువాళ్లు, పాలవాడు, చివరికి గుర్రమెక్కే పెళ్లికొడుకు కూడా పిలవాల్సిందే. మా పెద్దమ్మకు ఒళ్లు మండేది.

“ఇన్నేండ్ల కాపురంల నన్నెన్నడన్న గట్ల పిలిచినవా?” అనేది.

“నీకు రెండు కండ్లున్నయి గదనే” అనేవాడు ఆయన.

పిలిచి వెళ్తే అది ఎన్నడూ బెదరలేదు. అట్లా ఏళ్లు గడిచాయి. నిరుడు గుర్రాన్ని కట్టే షెడ్డు కూల్చేస్తామన్నారు మునిసిపాలిటీవాళ్లు. నెల గడువు. ఆయనకేమో మోకాళ్లు పనిచేయడం లేదు. నెలలోపు మంచి చేతుల్లో పెట్టకపోతే దళారులకు ఇవ్వాల్సిందే. వాళ్లు దాన్ని మళ్లీ గోడకు ఆనించి, కన్ను దాచి అమ్ముతారు. ఆయన నిద్ర పోగొట్టుకున్నది ఆ భయంతోనే.

ఫోన్‌లో ప్రకటన పెట్టే పని నాది. కుడి వైపు నుంచి ఫొటో తీసి, కాస్త మెరుగులు దిద్ది, రాసింది ఆయనకు చదివి వినిపించాను. “ఎనిమిదేళ్ల తెల్ల గుర్రం. ఆరోగ్యం భేష్. ఏ లోపమూ లేదు.”

ఆయన శ్రద్ధగా విన్నాడు. “ఈ గుర్రం ఏడున్నది బిడ్డా? జెర చూపియ్యి, నేనే కొంట.”

నాకు కోపం వచ్చింది. “అందరు గిట్లనే రాస్తరు పెద్దనాయనా! నిజం రాస్తే ఎవడొస్తడు?”

“నువ్వు రాసిన అబద్ధం మీద ఎవ్వని కొడుకో ఎక్కి కూసుంటడు బిడ్డా. రాసినామె ఇంట్ల ఉంటది, పడేటోడు వాడు.”

రాసింది చెరిపేశాను. ఆయన చెప్తుంటే మళ్లీ రాశాను. “వయసు పదహారు. ఎడమ కన్ను కనపడదు. ఎడమ పక్క నుంచి వస్తే పిలిచి రండి. డప్పులకు, పటాకులకు బెదరదు. జేబులో బెల్లం ఉంటే దొంగిలిస్తది.” ఫొటో కూడా ఎడమ వైపు నుంచే తీయించాడు, తెల్లబడిన కన్ను కనపడేలా.

ఫోన్ నిండా నవ్వులే! ముసలాయనకు మతి పోయిందన్నారు. ఒక దళారి ఫోన్ చేసి, “నాకు ఇడిసిపెట్టు కాకా, ఎట్ల రాయాల్నో నాకెర్క” అన్నాడు. పెద్దనాయన మాట పూర్తికానివ్వకుండా పెట్టేశాడు. మూడు వారాలు ఒక్కరూ రాలేదు. ఆయన మొండితనం గుర్రం గొంతు కోస్తోందని నేను లోలోపల తిట్టుకున్నాను కూడా.

చివరి వారంలో వర్లి చాలీ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనదీ పెళ్లి గుర్రాల పనే. ప్రకటనలు నమ్మి రెండుసార్లు మోసపోయాడట.

“కన్ను లేదని మీరే రాసిన్రు. ఇంకేం దాచిన్రు?” అన్నాడు అనుమానంగా.

“బెల్లం సంగతి గూడ రాసిన గద. ఇంకేం లేదు తమ్మీ.”

ఆయన నమ్మలేదు. అప్పటికే షెడ్డు వెనక ఇద్దరు డప్పువాళ్లను దాచిపెట్టాడు. చెయ్యి ఊపగానే దడదడ మొదలైంది, వెంటనే పటాకుల లడీ పేలింది. నేను పగ్గం పట్టుకోబోయాను. గుర్రం చెవులు మాత్రం కదిలించి, తాపీగా మెడ వంచి, వర్లి ఆయన చొక్కా జేబులో మూతి పెట్టింది. జేబులో చిక్కీ ఉంది. తినేసింది!

గల్లీ అంతా ఈలలు వేసింది. పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. నేను గంతులేశాను, సిగ్గులేకుండా.

“అన్నా, రాసినట్టే ఉన్న గుర్రాన్ని గిదే మొదటిసారి చూస్తున్న” అన్నాడాయన, పెద్దనాయన చేతులు పట్టుకుని. ఇప్పుడు వర్లిలో ఆయన ఏ గుర్రాన్ని అమ్మినా ప్రకటన మొదటి వరుస లోపంతోనే మొదలవుతుంది.

పెద్దనాయన పోయిన ఆ మంగళవారం మధ్యాహ్నం ఆయనే గుర్రాన్ని నడిపించుకుంటూ వర్లి నుంచి వచ్చాడు. చాలీ ముందు డప్పులు మోగుతున్నాయి. అది కదలకుండా నిలబడింది. పెద్దనాయనను మోసుకుంటూ నలుగురూ దాని ఎడమ పక్క నుంచే వెళ్లాలి, గల్లీ ఇరుకు. ఎప్పుడూ ముందుగా పిలిచేది ఆయనే. పాడె ఆగిపోయింది.

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ముందుకొచ్చింది.

“వస్తుండు తల్లీ” అంది.

గుర్రం ఎడమ చెవి అటు తిప్పింది.