మొప్ప ఎత్తిన చెయ్యి

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో ముగ్గురం టీవీ ముందు చేరతాం: మా ఆయన నాయనమ్మ, మా అత్తగారు, నేను. మామ్మకి నేరాల కథల పిచ్చి. అందులోనూ గతం దాచుకుని పెద్దింట్లో కాపురం చేసేవాళ్ళుంటే ఇంక కదలదు. మొదటి భాగంలోనే వేలు చూపించేస్తుంది. "ఇదేనే దొంగముండ! దాని కళ్ళు సూడు." అబ్బ, ఒక్కసారీ తప్పదు!

ఆ మాట వినపడగానే అత్తగారు లేచి వంటింట్లోకి పోయేవారు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు. ఆవిడ రాజయ్యపేట చేపలవాళ్ళ ఆడపిల్ల. మామగారు ఆవిడని ఇష్టపడి, పాయకరావుపేటలో తల్లీతండ్రీ లేని షావుకార్ల పిల్ల అని చెప్పి ఈ బెల్లం కొట్టు వాళ్ళింటికి తెచ్చారు. మామగారు పోయారు, అబద్ధం మాత్రం ఈవిడ నెత్తిన మిగిలింది. "తెలిత్తే మీ మామ్మ నా సేతి నీళ్ళు ముట్టదమ్మా" అని నా దగ్గర ఏడ్చారోసారి. మామ్మ కాఫీ ఆవిడ చేతి మీదుగానే తాగుతుంది. నేనిస్తే సవాలక్ష వంకలు.

మొన్న వేసవిలో, కథలో కోడలి గుట్టు బయటపడబోతుండగా కరెంటు పోయింది. ఉక్క భరించలేక అరుగు మీదికొచ్చాం. ఎదురింట్లో కొత్తగా దిగిన అమ్మాయి వీధిలో చేపలావిడ దగ్గర వంజరం చేప బేరమాడుతోంది. మేం నీసు ముట్టమని పాపం తెలీదు. "తాజాదేనాండీ?" అని మా అత్తగారినే అడిగింది.

ఆవిడ ఆలోచించలేదు. వీధిలోకి దిగి, బొటనవేలితో మొప్ప ఎత్తి చూసేశారు. "నిన్నటిది. తీసుకోకు."

చేపలావిడ నోరెళ్ళబెట్టింది. "ఓలమ్మో, అచ్చం మా ఊరి ఆడోళ్ళలాగే సూసేరు!"

"ఏ ఊరే మీది?" అరుగు మీంచి మామ్మ.

"రాజయ్యపేటండి."

మామ్మ అత్తగారి బొటనవేలినే చూస్తోంది. లేచి లోపలికెళ్ళిపోయింది.

అత్తగారు చేతులు తోముకుని తోముకుని కాఫీ కలిపారు. గ్లాసు పట్టుకుని నిలబడిపోయారు. "నువ్వట్టుకెళ్ళమ్మా. నావల్ల కాదు." పట్టుకెళ్ళాను. ముసలావిడ మీద ఒళ్ళు మండిపోతోంది, ఒక్క మాటంటే కడిగేద్దామనే ఉన్నాను.

మామ్మ గ్లాసు వైపైనా చూడలేదు. "నిన్నెవులు తెమ్మన్నారు? దానికి సేతుల్లేవేటి?"

అత్తగారు వచ్చి నా దగ్గర్నుంచి గ్లాసు తీసుకుని అందించారు. కాఫీ కొంత తన కొంగు మీదే ఒలికింది. మామ్మ ఆ చేతిని పట్టుకుని వదల్లేదు.

"కడుక్కున్నావా?"

"కడుక్కున్నానత్తా."

కాఫీ తాగేసింది. గ్లాసు కింద పెట్టి అడిగింది. "నేనిక్కడ కూకుని దొంగముండ, దొంగముండ అంటంటే... నువ్వు వంటింట్లోకెళ్ళి ఏడిసేదానివేటే?"

అత్తగారు తలూపారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంతలో కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. అలవాటుకొద్దీ రిమోట్ తియ్యబోయాను. మామ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"ఇంక సాల్లే."