ఎండల్లో వేసిన ఎరువు

మొన్న మే నెలలో మా అమ్మాయి వాళ్ళ అపార్టుమెంటు బాల్కనీలో వడియాలు తిరగేస్తూ కిందికి చూద్దును గదా, మిట్టమధ్యాహ్నం ఎండలో మాలీ తెల్లటి యూరియా పలుకులు గుప్పిళ్ళతో తీసి గడ్డి మీద జల్లుతున్నాడు. ఉండబట్టలేక, "భయ్యా, వెంటనే పానీ డాలో" అని పైనుంచే కేకేశాను. "పానీ షామ్ కో ఆయేగా మాజీ" అని నవ్వాడు. సాయంత్రానికి గానీ నీళ్ళు రావట. ఇక అక్కడ నిలబడలేక లోపలికి వచ్చి కూర్చున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయనకి రైల్వేలో ఫిట్టరు పని, రాయపూర్‌లో క్వార్టరు ఇచ్చారు. నా వయసు వాళ్ళకి తెలిసే ఉంటుంది, అప్పట్లో క్వార్టరంటే రెండు గదులు, ఒక వరండా, ముందర మంచం పట్టేంత వాకిలి. పక్క వాళ్ళందరూ ఆ వాకిట్లో బెండ, వంగ పెట్టుకుంటే ఈయన మాత్రం గరిక పెంచారు. దానికి ఎరువు వెయ్యడం మా ఇంట్లో ఒక నోములాగ జరిగేది. వానలు పడి నేల కడుపారా తాగాక ఒకసారి, దీపావళి వెళ్ళి చలి ముదరకముందు ఇంకోసారి, అంతే. ఏడాదిపాటు మాగిన పశువుల గెత్తం తెచ్చి జల్లెడ పట్టేవారు, అదీ నా పిండి జల్లెడతో. దాని కోసం మేం పడ్డ దెబ్బలాటలు రాస్తే ఇదే సరిపోతుంది. యూరియా వేస్తే గుప్పెడే, అదీ ఇసకలో కలిపి, ఆకు మీద తడి లేనప్పుడు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి జల్లి, చేతి మట్టి దులుపుకోకుండానే నీళ్ళు పెట్టేవారు. "నాకు వడ్డించేటప్పుడు లేని శ్రద్ధ గడ్డికి వడ్డించేటప్పుడు వస్తుంది మీ అన్నకి" అని మా మరిదితో నేను దెప్పేదాన్ని. ఎండాకాలం మాత్రం ఎరువు సంచీని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎండలో దానికి నీళ్ళు చాలు, తిండి పెడితే మాడిపోతుందనేవారు.

ఆ మరిది మా చేతుల్లో పెరిగినవాడే. ఆ ఊళ్ళోనే గుఢియారీ పేటలో ఇనప చువ్వల దుకాణంలో పని చేసేవాడు, మాతోనే ఉండేవాడు. ఒక ఏడు చలి తగ్గుతుండగా మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. ఇంకోసారి వస్తే ప్రాణం ఆగదని డాక్టరు నన్నూ మరిదినీ బయటికి పిలిచి చెప్పాడు. వరండాలో మంచం వేసి వాకిటి వైపు తల తిప్పి పడుకోబెడితేనే ఆయన ముద్ద మింగేవారు. వేసవి వచ్చి గరిక గోధుమరంగుకి తిరిగిపోతుంటే ఆయన చూపు నేను చూడలేకపోయేదాన్ని, వాడూ చూడలేకపోయాడు. అన్న ఉండగానే మళ్ళీ పచ్చగా చూపించాలని పిచ్చి పట్టుదల పట్టుకుంది వాడికి. ఊరి బయట అభన్‌పూర్‌లో తెలిసిన రైతు దగ్గర యూరియా తెచ్చి, మే నెల మధ్యాహ్నం, అన్న కునుకు తీస్తుండగా గుప్పిళ్ళతో జల్లేశాడు. కుళాయి తెల్లవారితే గానీ రాదు.

రెండు రోజుల్లో గుప్పెడు పడ్డ ప్రతిచోటా గడ్డి మాడి, కాలిన రొట్టె మీద మచ్చల్లాగ తేలింది. ఆయన చూస్తూ ఉండిపోయారు. వాడు మాత్రం ఆ రోజునుంచి వెనక తలుపున వచ్చి వెనక తలుపునే పోయేవాడు, అన్నం కూడా వంటింట్లోనే తినేవాడు. నాలుగోనాడు ఆయన ముద్దముద్దగా ఏదో అంటున్నారు, చెవి దగ్గర పెడితే, "తమ్ముడు... ఏడీ" అంటున్నారు. పిలుచుకొచ్చాను. వాడు తల వంచుకుని మంచం పక్కన కూలబడ్డాడు. ఆయన ఎడం చేత్తో వాడి గుప్పిట విప్పారు, నన్ను ఇసక తెమ్మని సైగ చేశారు. వాడి అరచేతిలో ఇసక పోయించి, వేళ్ళు ఒక్కొక్కటే సడలించి, ఎలా జారనివ్వాలో చూపించారు. ఇసక నేల మీద రాలుతుంటే వాడు ఏడుస్తూనే జల్లడం నేర్చుకున్నాడు.

ఆ వారమంతా పక్క క్వార్టరు వదినగారూ నేనూ బిందెలతో నీళ్ళు మోసి ఆ మందు కిందికి దిగిపోయేలా తడిపాం. గరిక వేరు మొండిది, చావలేదు. వానలు వచ్చాయి. తొలి వానకే గెత్తం వేస్తానని వాడు లేస్తే ఆయన వద్దని చెయ్యి ఊపారు. నేల ఇంకా తాగాలన్నమాట. ఆషాఢంలో ముసురు పట్టి విడిచాక సరేనన్నారు. జల్లెడ నేనే ఇచ్చాను. వాడు నిలువుగా, అడ్డంగా జల్లుతుంటే ఆయన కళ్ళు వాడి చేతినే పట్టుకుని తిరిగాయి. మాడిన మచ్చల్లో సూదుల్లాంటి మొలకలు కనిపించే దాకా ఉన్నారు. శ్రావణంలో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆగలేదు.

వినాయక చవితికి ఆ గరిక పాదం మునిగేంత ఎదిగింది. ఏటా కాలనీలో తెలుగువాళ్ళందరూ పత్రికి మా వాకిటికే వచ్చేవారు. ఆ ఏడు వచ్చి గేటు దగ్గర ఆగిపోయారు, మనిషి పోయి ఏడాది తిరగని ఇంటిది దేవుడికి పనికొస్తుందా అని. మాకా పండగ లేదు, మేం కోసి ఇవ్వకూడదు. గుమ్మంలో నేనూ మరిదీ నిలబడి చూస్తున్నాం. వదినగారే గేటు తోసుకుని వచ్చి, "అన్నయ్యగారు పెంచింది కాదంటే వినాయకుడు నా మొహం చూస్తాడటే" అని వంగి కోశారు. ఆవిడ వెనక ఒక్కొక్కరే వచ్చారు. మా మరిది లోపలికి వెళ్ళిపోయాడు.

చలికాలానికి క్వార్టరు ఖాళీ చేశాం. ఇప్పుడు గడ్డి చాపల్లాగ చుట్టి లారీలో తెస్తున్నారు, పొద్దున్న పరిస్తే సాయంత్రానికి పచ్చటి వాకిలి. మాడితే చుట్టి పారేసి ఇంకో చాప పరుస్తారు. చవితి గరిక బజారులో కట్టలు కట్టి అమ్ముతారు, నేనూ కొనుక్కుంటాను. అది ఎవరి వాకిట్లోదో, ఎవరు నీళ్ళు పోశారో అమ్మే మనిషికి తెలియదు. నేనూ అడగను, కట్ట తీసుకుని కాసేపు చేతిలో పట్టుకుంటాను, అంతే.