లోపాలు ముందే చెప్పిన మనిషి

రెండు వేల సంవత్సరం దాటిన రోజులవి. బిష్టుపూర్ నుంచి టెల్కో కాలనీ వెళ్లే బస్సులో నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. పక్కన నలభై దాటిన మనిషి తెలుగులో ఏదో గొణుక్కుంటున్నాడు.

"ఏటైంది నాయనా?" అన్నాను.

ఆదిత్యపూర్‌లో అతను తయారైన ఇనప ముక్కల ఇన్‌స్పెక్షన్ చూసే చిన్న కార్ఖానా మూతపడిందట. సైబర్ కేఫ్‌లో కూర్చుని, వెబ్‌సైట్లు తయారుచేసే పిహెచ్‌పి భాష సొంతంగా నేర్చుకున్నాడట. ఆ రోజే మొదటి ఇంటర్వ్యూ.

"దాన్లో మంచేటి, సెడ్డేటి అనడిగారు బాబాయ్. ఊరికే దొరుకుతాది, నాలాటోడిక్కూడా బేగి వత్తాది, అదీ మంచి అన్నాను. సెడ్డ కూడా సెప్పాను. మనం తప్పు రాసినా సాలాసార్లు ఆగదు, ఏటీ ఎరగనట్టు ఎల్లిపోతాది. ఆ తప్పు ఎప్పుడో కస్టమర్ దగ్గర బయటపడతాది."

"అడగ్గానే అంతా చెప్పేశావా?"

"మా కార్ఖానాలో అంతే కదా! ముక్క కస్టమర్ సేతికిచ్చేముందు డిఫెక్ట్ మనమే సెప్పాలి. ఆళ్లు నవ్వేసి, 'ఇత్నా ఖరాబ్ హై తో సీఖా క్యోం?', అంత సెడ్డదైతే ఎందుకు నేర్సుకున్నావ్ అని పంపేశారు."

నాకు ఒళ్లు మండింది. నేనూ బడి గడప తొక్కకుండా చదువుకున్నవాణ్ణే. నిజం అడిగి, చెప్పినవాణ్ణి గెంటేస్తారా!

"మరి ఎందుకు నేర్చుకున్నానని చెప్పావు?"

"నువ్వేటి సదివావని నన్నడగనిది ఆ భాషొక్కటే బాబాయ్. కానీ ఆళ్ల ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు."

అతని స్టాపు వచ్చింది. అక్కడ అతని కోసం ఒకావిడ ఎదురుచూస్తోంది. అతను లేవలేదు.

"తర్వాత స్టాపులో దిగుతాను. ఎనక్కి నడిసొచ్చేలోపు మా ఆవిడికి ఏటి సెప్పాలో ఆలోచిత్తాను."

బస్సు కదిలింది. ఆవిడ ఒక్కో కిటికీ వెతుకుతూ నా వైపు చూసింది.

నిజం దాచేవాళ్లంటే నాకు గిట్టదు. అయినా ముందుకు వంగి, అతను కనపడకుండా అడ్డంగా కూర్చున్నాను.