ముప్పై ఏళ్ల తర్వాతి ముఖాలు

బాన్సువాడ బస్టాండు వెనక గల్లీలో స్పందనతో పేచీ పెట్టుకోవాలని ఎవరూ అనుకోరు. ఏడో తరగతిలో తన జామెట్రీ బాక్సు విరగ్గొట్టిన పిల్లతో పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆమె మాట్లాడలేదు. తల్లి గంగాబాయి బీడీలు చుట్టి చదివిస్తోంది. ఇంటర్ అయ్యాక డిగ్రీలో ఫిజిక్స్ చదవాలని స్పందన ఎప్పుడో తేల్చుకుంది.

ఆ నిర్ణయాన్ని కదిలించినవాడు యోగేష్. ఆమె క్లాసే, గల్లీ మొదట్లో కిరాణా కొట్టు వాళ్లది. ఆ ఏడాది పిల్లలంతా ఒక యాప్ పట్టుకుని తిరుగుతున్నారు. ఫోటో ఇస్తే ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఉంటారో వీడియోగా చూపిస్తుంది. ఒకడు డాక్టరయ్యాడు, ఒకమ్మాయి పైలటయింది. నిజానికి దానికి భవిష్యత్తేమీ తెలియదు, మనం ఏం రాసిస్తే అదే చూపిస్తుంది. యోగేష్ స్పందన ఫోటో పెట్టి, నెరిసిన జుట్టుతో, ఒళ్లో చాటతో, దగ్గుతూ బీడీలు చుట్టే ముసలమ్మను చేయించి క్లాసు గ్రూపులో వేశాడు. కింద 'గంగాబాయి పార్ట్ టూ' అని రాశాడు.

క్లాసు నవ్వితే స్పందన ఓర్చుకునేదే. కానీ పక్కింటి వనజ ఆ వీడియోను గంగాబాయికి చూపించింది.

"ఫోన్ల నీది గట్లనే వచ్చింది గద బిడ్డా," అంది గంగాబాయి, ఆకు కత్తిరిస్తూ.

"అది యోగేష్ గాడు చేసిండమ్మా!"

"మరి అందరియి మంచిగెట్ల వచ్చినయ్? వాన ఎప్పుడొచ్చేది చెప్తలేదా గా ఫోను? డిగ్రీ గిగ్రీ వద్దు. బీడీలు చుట్టెటోళ్ల కార్డు తీపిస్త, పీఎఫ్ వస్తది, పెండ్లికి గూడ అక్కరకొస్తది."

ఎంత చెప్పినా వినలేదు. మధ్యమధ్యలో చాట ఆపి బిడ్డ వేళ్లకేసి చూసి కళ్లు తుడుచుకునేది. ఆ చూపు చూసినప్పుడల్లా స్పందన యోగేష్ మీద పళ్లు పటపట కొరికేది.

ఫేర్‌వెల్ రోజున అందరి వీడియోలూ తెర మీద వేశారు. స్పందన అదే యాప్‌తో చేసి తెచ్చింది యోగేష్‌ది. బట్టతల, నుదుటి మీదికి నెట్టిన కళ్లజోడు, భుజాన ఎర్ర తువ్వాల, గల్లా ముందు కునికిపాట్లు. ఎవరో పిలిస్తే ఉలిక్కిపడి వెర్రినవ్వు నవ్వుతాడు. హాలంతా గొల్లుమంది. అంతలోనే గల్లీ పిల్లలు ఒక్కొక్కరే నోరు మూశారు. గల్లా ముందు కూర్చున్నది అచ్చం రామన్న. యోగేష్ తండ్రి. పోయినేడు పిట్లం రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయాడు.

స్పందనకు ఆ సంగతి తట్టనేలేదు. కొడుకు ముఖానికి ముప్పై ఏళ్లు కలిపితే తండ్రి వస్తాడని ఆమెకు తోచి ఉండాల్సింది. యోగేష్ పెదాలు వణకడం చూసింది. చూసి, వీడియో ఇంకోసారి వేసింది.

మర్నాడు పొద్దున అతను స్పందన వాళ్ల గడప దగ్గర నిలబడ్డాడు.

"గా వీడియో జర పంపవా?"

"ఎందుకు, గ్రూపుల వేస్తవా?"

"బాపు నవ్వేది ఒక్క వీడియో గూడ లేదు మా తాన. అమ్మ చూస్తనని ఒక్కతీరుగ ఏడుస్తుంది."

"లోపలికి రా. ముందు మా అమ్మకు చెప్పు, నాది ఎట్ల చేసినవో."

అతను గంగాబాయి చాట ముందు గొంతుక్కూర్చున్నాడు. "నేనే రాసిన చిన్నమ్మా. ఫోన్‌కేం తెల్వది." నమ్మదని అక్కడే ఆమె ఫోటో తీసి, పోలీసని రాసి చూపించాడు. ఖాకీ బట్టల్లో లాఠీ తిప్పుతున్న తనను చూసి గంగాబాయి నోరు తెరిచింది.

"ఓయవ్వ! నేను ఎస్సైనైతినా?" అని విరగబడి నవ్వి, నవ్వు ఆగగానే ఆకుకట్టతో అతని వీపు మీద ఒక్కటేసింది. "మరి గన్ని దినాలు ఏడిపిస్తివేందిరా నన్ను! స్పందనా, కార్డు లేదు గిర్డు లేదు, నువ్వు డిగ్రీకే పో."

యోగేష్ వీపు రుద్దుకుంటూ ఫోన్ ముందుకు చాపాడు. "ఇగ పంపు."

"పంపుతనని నేనన్ననా? లోపలికి రమ్మన్న, గంతే."

"అమ్మ ఎదురుచూస్తుంది స్పందనా."

"మా అమ్మ ఎన్ని దినాలు కుమిలిందో గన్ని దినాలు చూడనీ. అటెన్క అడుగు."

"పాపం, తండ్రి లేని పోరడే," అంది గంగాబాయి.

అతను తల వంచుకుని చెప్పులు వేసుకుని గల్లీ మలుపు తిరిగేదాకా స్పందన గడపలో నిలబడి చూసింది. అలా చూడటం ఆమెకు తియ్యగా ఉంది.