దించిన తీగలు

మా గోదావరిఖని చర్చి మందిరంలో గిటార్ వాయించే అన్న ఆరాధనకు ముందు శ్రుతి తగ్గేలా తీగలన్నీ వదులు చేసేవాడు. "జెర సుతి దించుదాం" అంటూ మరలు తిప్పేవాడు.

"స్తుతి పైకి పోవాలె గానీ గిట్ల బాయిలకు దించుతవేందన్నా?" అని నేను కసిరితే నవ్వేవాడు.

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా నాన్న మందిరంలో దగ్గుతూ కూర్చునేవాడే గానీ ఏళ్లుగా పాడలేదు. విశ్వాసం చల్లారిందేమోనని నేను ఉపవాసముండి ప్రార్థించేదాన్ని.

ఒక ఆదివారం అన్న తీగలను మరీ కిందికి దించాడు. కీర్తన మొదలవగానే పురుషుల వైపు నుంచి ఓ బొంగురు గొంతు లేచింది. తిరిగి చూసి కొయ్యబారిపోయాను. నాన్న! కళ్లు మూసుకొని, ఒక్క మాట తప్పకుండా పాడుతున్నాడు.

ఆరాధన ముగిశాక "ఇదెట్లన్నా?" అని అడిగాను.

"మీ నాయిన దగ్గు ఏ సుతిల ఉందో వారం వారం ఇంటున్న చెల్లె. ఇయ్యాల గా సుతికి దించిన."