గొలుసు రెండో కొస

బాపట్ల వైపు ఒక మండలంలో సర్వేయరుగా నేను రిటైరైంది జూన్ నెలాఖరున. మరుసటి ఏడు మాఘమాసంలో లైసెన్సు తీసుకుని, తెనాలిలో మా ఇంటి గోడకు బోర్డు తగిలించాను. ముప్పై నాలుగేళ్ళు జనమే నా దగ్గరకు వచ్చారు కాబట్టి ఇప్పుడూ వస్తారనుకున్నాను. రెండు నెలల్లో ఆ బోర్డు చూసి లోపలికి వచ్చినవాడు ఒక్కడే. అతను కూడా పక్క వీధి అడ్రసు కోసం వచ్చాడు.

"కుర్చీలో కూర్చుంటే పొలాలు నడిచొస్తాయేంటి? బయటికెళ్ళండి" అని మా ఆవిడ పోరింది. రేపల్లెలో దస్తావేజులు రాసేవాళ్ళ దగ్గరకు వెళ్ళి తలా నాలుగు కార్డులు ఇచ్చాను. ఒకప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడినవాళ్ళే "అక్కడ పెట్టి వెళ్ళండి సార్" అన్నారు. మనసు చివుక్కుమంది. అయినా వారం తిరక్కుండానే వాళ్ళలో ఒకాయన నాకు మొదటి క్లయింటును పంపాడు.

ఆమె పేరు నాంచారమ్మ. అడవులదీవిలో చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. భర్త పోయాడు. ఆయన వాటాకు వచ్చిన ఇరవై సెంట్ల మెరకలో సరుకు దాచుకోవడానికి రేకుల షెడ్డు వేసుకోవాలి. పక్క వాటా ఆమె బావగారు వీరాస్వామిది. మధ్యనున్న హద్దు రాయి ఎప్పుడో తుఫానుకు కొట్టుకుపోయింది. మిగిలిన తాటాకు దడి ఏటా కాస్త తన వైపు జరుగుతోందని ఆమె అనుమానం. హద్దు తేలకుండా షెడ్డు లేపితే పీకిస్తానని ఆయన పంతం.

"వానలు పడేలోగా గీత తేల్చండి సార్. నిరుడు సరుకంతా తడిసి పురుగు పట్టింది. ఈ ఏడూ అదే అయితే నేను యాపారం మానుకోవాల్సిందేనండి" అంది.

ఇలాంటి పనికి ఒక పద్ధతి ఉంది. ముందు పొలం పటం నకలు తీసుకోవాలి. దాన్ని మేం ఎఫ్.ఎం.బి. అంటాం. ప్రతి సర్వే నంబరు మూలలూ, వాటి మధ్య దూరాలూ అందులో ఉంటాయి. నేల మీద మిగిలిన రాళ్ళను వెతికి, వాటి నుంచి గొలుసుతో కొలుచుకుంటూ పోయిన రాయి చోటును పట్టుకోవాలి. అంతకంటే ముందు పక్క భూమివాళ్ళకు తెలియజేయాలి. సర్వీసులో దానికి నోటీసు ఉండేది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. నా లెటర్ ప్యాడ్ మీద అదే రాశాను: "ఫలానా తేదీన ఉదయం పది గంటలకు తాము స్వయముగా హాజరు కావలెను. కానియెడల తమ పరోక్షమున కొలతలు జరుపబడును." సంతకం పెట్టి రిజిస్టర్డు పోస్టు చేశాను. ప్రైవేటు సర్వేయరుకు ఎవరినీ హాజరు కమ్మనే అధికారం లేదు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ చెయ్యి అలవాటుపడిపోయింది.

వీరాస్వామి సరిగ్గా పదింటికే హాజరయ్యాడు. దడి పక్కన, నా గొలుసు సాగాల్సిన దారికి అడ్డంగా నులక మంచం వాల్చుకుని పడుకున్నాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషి. లెమ్మంటే లేవలేదు. నా నోటివెంట పాత మాట వచ్చేసింది: "ప్రభుత్వ పనికి ఆటంకం కలిగిస్తే..."

"ఏ ప్రభుత్వమండీ?" అన్నాడు, మంచం మీద నుంచి కదలకుండానే.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. నాంచారమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. సర్వీసులో ఉండగా నేను వస్తున్నానంటే చెట్టు కింద కుర్చీ వేసి, కొబ్బరి బోండాం కొట్టి ఉంచేవాళ్ళు. గొలుసు చుట్టుకుని బయలుదేరాను.

నాంచారమ్మ ఆటో దాకా వచ్చింది. "మా బావగారికి చదువు రాదండి. మీ కాయితం ఊరంతా తిప్పి చదివించుకున్నాడు. హాజరు కావాలంట, నేనేమన్నా దొంగతనం చేశానా అని రెండ్రోజులు అన్నం ముట్టలేదండి. కబురు చేస్తే వచ్చేవోడు" అంది.

ఆ వైపు కబురంటే ఫోను చేయడం కాదు. మనిషి ఇంటికి వెళ్ళాలి. అరుగు మీద కూర్చోవాలి. మంచినీళ్ళు పుచ్చుకుని లోకాభిరామాయణం కాస్త నడిచాక అసలు పని ఎత్తాలి. నాలుగు రోజులాగి, గొలుసూ పటమూ లేకుండా ఖాళీ చేతులతో వెళ్ళాను.

"బాబాయ్, ఆ కాగితం రాయడం నా తప్పే" అన్నాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. నీళ్ళు మాత్రం తెప్పించాడు. తర్వాత వలల గురించీ, ఆ ఏటి వేట గురించీ మాట్లాడుకున్నాం. చివరికి ఆయనే అడిగాడు: "ఎప్పుడు కొలుస్తావు?"

"మీరెప్పుడంటే అప్పుడు. కానీ ఇప్పుడు నాకు చైన్‌మన్ లేడు. గొలుసు రెండో కొస ఎవరో ఒకరు పట్టాలి. మీరు పడతారా?"

సర్వీసులో అది చైన్‌మన్ పని. భూమి తగాదాలో ఉన్న మనిషికి గొలుసు ఇవ్వడం నేనెన్నడూ ఎరగను. కొలత రోజున ఆయన రెండో కొస పట్టుకుని నావ తాడు లాగినట్టు లాగాడు. ఎక్కడా వేలాడనివ్వలేదు. గొలుసు తీరిన చోటల్లా నేను దిగేసిన మేకు దగ్గర వంగి తనే చూసుకున్నాడు. పోయిన రాయి చోటు తేలింది, అక్కడా ఒక మేకు దిగేశాను. అది దడికి ఆయన వైపే పడింది, మూరెడు లోపలికి. నాంచారమ్మ అనుమానం నిజమే. ఆయన ఆ మేకు వైపు చూసి, "నా చేత్తో నేనే లాగాను. ఇంకెవర్ని తిట్టుకోను?" అని దడికి మొదటి గుంజ తనే పీకాడు.

మొదటి వాన కంటే ముందే షెడ్డు లేచింది. రెండో క్లయింటు, మూడో క్లయింటు వీరాస్వామి చెబితే వచ్చినవాళ్ళే. "మన చేతే గొలుసు పట్టిస్తాడంట, ఆ సర్వేరు కావాలి" అని అడిగారట. ఇప్పుడు ఒక్కడే నిలబడి కొలిచేసే యంత్రాలు వచ్చాయి. పని తొందరగా అవుతుంది, మంచిదే. నాకు మాత్రం ఆ ఇనుప గొలుసు గలగలే ఇష్టం. మోకాళ్ళు మొరాయించేదాకా తొమ్మిదేళ్ళు దానితోనే నెట్టుకొచ్చి, నిరుడు మానేశాను.

కొలత సరిగ్గా ఉంటే చాలదు, దాన్ని అవతలివాడు ఒప్పుకోవాలి. సర్వీసులో నేను వేసిన హద్దుల్ని జనం ఎప్పుడూ కాదనలేదు. నా కొలత నచ్చి ఊరుకున్నారో, నోటీసుకు భయపడి ఊరుకున్నారో అడిగి తెలుసుకోవాలని ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారీ నాకు తోచలేదు.