డ్రమ్ములు కడిగే అక్క

రసాయనాల ఫ్యాక్టరీలు వదిలించుకున్న నీలం డ్రమ్ములను కడిగి అమ్మే కొట్టులో అక్క పనిచేయబట్టి పదకొండేళ్లయింది. వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. మూత తీసి వాసన చూస్తే చాలు, యాసిడ్‌దో పురుగుమందుదో చెప్పేస్తుంది. ఆరోజు ఒక నిండు చూలాలు తాగేనీళ్లకని, పుర్రెబొమ్మ గీకేసిన డ్రమ్మును బేరమాడుతోంది. “వద్దు తల్లీ, అది పురుగుమందుది,” అంది అక్క. యజమాని కసిరాడు: “ఏడుసార్లు కడిగించాం. నువ్వు నోర్మూసుకో!” అక్కకి ఒళ్లు మండిపోయింది. “కడిగింది నేనయ్యా! విషం పోలేదు,” అంటూ గోడకానించిన గునపం అందుకుని డ్రమ్ము అడుగున నాలుగు పోట్లు పొడిచింది. “రేపట్నుంచి పనిలోకి రాకు!” అని అరిచాడాయన. “అలాగే, మిగతా పురుగుమందు డ్రమ్ముల సంగతి కూడా చూసే పోతాను,” అంటూ అక్క రెండో డ్రమ్మును కాలితో దొర్లించుకుంది.